ఖంగుమన్న చోటు

ట్రాఫిక్ కాలనీలో తవిటయ్య అబద్ధాలాడతాడని ఎవరూ అనరు. "తవిటయ్య సెప్పినాడు" అంటారు. ఆ ఒక్క మాటతో అవతలివాడికి సంగతి తెలిసిపోతుంది. గంపలో చేప ఎంతో, మంచుగడ్డ ఎంతో వాడే తూచుకుంటాడు.

అతని ఉద్యోగం చక్రాలు కొట్టడం. బండి వచ్చి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పక్కన ఊపిరి తీసుకునే వేళ, పొడుగాటి కర్ర కామ బిగించిన సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడుస్తూ, ఒక్కో చక్రానికి ఒక్కో దెబ్బ వేస్తాడు. చక్రం ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. సుద్దతో గుర్తు పెట్టి ఆ పెట్టెను బండిలోంచి తప్పించాలి. ఆపైన ఇరుసు పెట్టెకు చేతి వెనకవైపు ఆనించి వేడి చూడాలి. అంతే పని. కాని అత్తవారి ఊరు భావనపాడు రేవులో ఈ పని ఏటికేడాదీ బలిసి, ఇంజనంత అయింది. "నా సెయ్యి పడందే మెయిలింజను కదల్దు. ఓపాలి నాను కొట్టిన దెబ్బ బాలాసోరు దాకా ఇనబడి, అక్కడి టేషను మాస్టరు బండొచ్చేసిందని గేట్లు మూయించినాడు" అని చెప్పి వచ్చాడు. రేవులో వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. చేపలు పట్టేవాళ్లకి చేపల గురించి అబద్ధాలు తెలుసుగాని, రైళ్ల గురించి తెలియవు కదా.

అందుకే ఆ ఏడు వానలు తగ్గాక బావమరిది ఎర్రయ్య ఎండుచేపల మూటతో దిగి, "బావా, ఇంజను పడవ కొంటన్నాను. నువ్వొచ్చి ఇంజను సూడాల" అన్నప్పుడు తవిటయ్యకి నోట్లో తాంబూలం నోట్లోనే ఉండిపోయింది.

కాంథి దాటి, ఏరు సముద్రంలో కలిసే మొగలో నిరాపద జానా అనే బెంగాలీ బాబు దగ్గర వాడిన పడవ ఒకటి అమ్మకానికి ఉందట. ఖరిదా బజారుకి చేపలు తెచ్చేవాళ్లు చెప్పుకోగా విని, ఊరికి కబురంపింది కూడా తవిటయ్యే. గొప్ప కోసం పంపాడు. నిజంగా వస్తాడనుకోలేదు.

"సెక్క నాను సూస్తాను. నా కళ్లకి తెలీని సెక్క లేదు. ఇంజను నీది. నువ్వు సరేనంటే కొంటాను, కాదంటే ఒగ్గేస్తాను. కొన్నాక ఇక్కణ్ణించి ఒడ్డు పట్టుకుని మన రేవు దాకా సముద్రం మీదే తోలుకుపోవాల. నానూ, మరో ముగ్గురూ" అన్నాడు ఎర్రయ్య, నీళ్ల చెంబు అందుకుంటూ.

పెద్ద వలలు అమ్మేసి వచ్చాడు. ఈ పడవ కుదరకపోతే ఈ ఏటికి వేట లేదు. కుదిరి, మధ్యలో నీళ్లు తాగితే మరే ఏటికీ లేదు.

కత్తిపీట ముందు కూచున్న జోగమ్మ తల ఎత్తలేదు. తమ్ముడు స్నానానికి లేచాక మాత్రం మొగుడి వైపు తిరిగింది. "ఏటయ్యా. ఇంజను గురించి నీకేటి తెల్సు?"

"రైల్వేలో లేనా?"

"సక్రాలు కొట్టడమూ ఇంజను సూడడమూ ఒకటేనేటి? గుడి బయట సెప్పులు కాసేవోడు పూజారా? నీ కతలు నువ్వు సెప్పుకో, నానొద్దన్లేదు. నా తమ్ముణ్ణి వాటి మీద ఎక్కించి సముద్రంలోకి తొయ్యకు."

తవిటయ్య చొక్కా తొడుక్కుని బయటపడ్డాడు.

డీజిలింజన్లు అప్పుడప్పుడే షెడ్డుకి వస్తున్న రోజులు. అక్కడ పని నేర్చినవాడు సూసన్న. అతను గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గానే చెప్పాడు.

"చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించు తవిటన్నా. ముందే వేడెక్కి ఉంటే ఏదో దాస్తున్నట్టు. పొగ చూడు. నల్లగా వస్తే డీజిలు సరిగా కాలడం లేదు. నీలంగా వస్తే నూనె కాలిపోతోంది. తెల్లగా వచ్చి కాసేపటికి పోతే పర్వాలేదు, పోకపోతే లోపలికి నీళ్లు దూరుతున్నాయి."

"ఓస్, ఇంతేనా" అన్నాడు తవిటయ్య. నలుపు డీజిలు, నీలం నూనె, తెలుపు నీళ్లు. దారి పొడుగునా దండకంలా చదువుకున్నాడు. మర్నాడు ఇందా స్టాపులో బస్సు ఎక్కేదాకా దండకం బాగానే ఉంది. పక్కన కోడిపుంజుతో ఒకడు కూచున్నాడు. అది అరిచినప్పుడల్లా ఒక రంగు జారిపోయింది. బెల్దా దాటేసరికి నలుపు నీళ్లయింది. కాంథిలో దిగేసరికి తెలుపు నూనెలో పడింది. నీలం ఏమైందో ఆ కోడికే తెలియాలి.

చేతిలో గోనెసంచి, అందులో సుత్తి. "సముద్రానికి సుత్తెందుకే?" అని పొద్దున జోగమ్మ అడిగింది. అతనికీ తెలియదు. ఏదో ఒకటి చేతిలో లేకపోతే కాళ్లు కదలవు.

మొగ దగ్గర ఆటుకి నీళ్లు తీసి ఉన్నాయి. బురదగట్టు మీద, రెండు వైపులా దుంగలు ఆనించి పడవని నిలబెట్టారు. కొత్త రంగు. పైన నీలం, అడుగున నల్లటి తారు. ముక్కుకి రెండు కళ్లు గీసి ఉన్నాయి. నిరాపదబాబు పంచె కొస చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. గుండ్రటి మనిషి, తీపి నోరు. "ఆసున్ దాదా, ఆసున్!" అంటూ రమ్మన్నాడు. వెనక ఒక ముసలి మాఝీ నిలబడ్డాడు. పడవ నడిపేది అతనే. పలకరిస్తే తల ఊపాడు, పెదవి విప్పలేదు.

ఎర్రయ్య అప్పటికే పడవ దగ్గర ఉన్నాడు. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకైనా కాస్త సిగ్గుపడతాడు. ఇతనికి అదీ లేదు. ముక్కు కింద అరచేత్తో నిమిరాడు. మోకాళ్ల మీద కూలబడి అడుగుదూలం వెంట కత్తిమొన గుచ్చుకుంటూ పాకాడు. మెత్తగా దిగితే కుళ్లు. దిగలేదు. పలకల సందుల్లో కూరిన నార గోటితో గీకి వాసన చూశాడు. మేకుల చుట్టూ తుప్పు చార ఉందేమోనని ఉమ్మి రాసి తుడిచాడు.

"సెక్కంటే ఇదీ బావా! సూడు, వంపు సూడు. అల మీద కూకుంటే బాతులా కూకుంటాది."

తవిటయ్యకి నిపుణుడిగా ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. సుత్తి తీశాడు. ముక్కు దగ్గర మొదటి పలక మీద ఒకటి వేశాడు.

బొద్దుమంది.

రెండోది. బొద్దు. మూడోది. అదీ అంతే. చక్రాల శాస్త్రం ప్రకారం ఈ పడవలో ప్రతి పలకా సుద్దగీతకి అర్హమే. "ఒరే ఎర్రయ్యా, ఇదేటిరా, అన్నీ సచ్చినట్టున్నాయి?"

ఎర్రయ్య నవ్వు ఆపుకోలేక బురదలో చతికిలబడ్డాడు. "నీళ్లు తాగిన సెక్క ఇంకేటంటాది బావా? కంచు గిన్నె కాదు, పడవ."

ఆ నవ్వులోనే నిరాపదబాబు ఎర్రయ్య చెయ్యి పట్టుకుని టీ కొట్టు వైపు నడిపించాడు, అక్కడ ఆరేసిన వలలు కూడా చూపిస్తానంటూ. తవిటయ్య ఒక్కడే మిగిలాడు. అవమానం దిగమింగుకుంటూ, వెనక్కి, అమరం వైపు నడిచాడు. చుక్కాని ఉండే కొస అది. నడుస్తూ అలవాటు కొద్దీ పలక పలకకీ ఒక దెబ్బ. బొద్దు, బొద్దు, బొద్దు. చుక్కాని కిందికి వచ్చి, అడుగున, బురదకి జానెడు పైన వేశాడు.

ఖంగుమంది.

పరాయి ఊళ్లో, సంతలో, ఎవరో మన భాషలో పిలిచినట్టయింది తవిటయ్యకి. ఇంకోటి వేశాడు. మళ్లీ ఖంగు. తేటగా, గుండ్రంగా, ఫస్టుక్లాసు పెట్టె చక్రంలా. "బాగుందమ్మా, నువ్వొక్కర్తివైనా బాగున్నావు" అని తారు మీద తట్టాడు. ఇందాక నవ్వినవాళ్లతో మళ్లీ చెప్పి నవ్వించుకోవడం ఎందుకని ఊరుకున్నాడు.

వాళ్లు తిరిగొచ్చాక ఇంజను పెట్టె తెరిచారు. తవిటయ్య అలవాటు కొద్దీ చేతి వెనకవైపు ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. సూసన్న ఏమన్నాడు? వెచ్చగా ఉండాలన్నాడా, ఉండకూడదన్నాడా? నిరాపదబాబు ఎండ వైపు చెయ్యి చూపించి నవ్వాడు. మాఝీ హ్యాండిలు తిప్పితే ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. పొగ వచ్చింది. మొదట తెల్లగా, అంతలో కాస్త నీలంగా, ఆపైన గాలి తిరిగి ఏ రంగో తెలియకుండా తవిటయ్య ముఖం మీదికే. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, దండకంలో ఏ ముక్కా అందక నిలబడ్డాడు.

"ఏ ఇంజిన్ తేల్ ఖూబ్ కమ్ ఖాయ్, దాదా!" అన్నాడు నిరాపదబాబు.

ఎర్రయ్య బావ వైపు తిరిగాడు. "ఏటి బావా, తేలడం శానా కమ్మీ అంటన్నాడు? తేలని పడవ మనకెందుకూ?"

"నీ మొకం. తేల్ అంటే నూనెరా. నూనె తక్కువ తాగుద్దంట."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ఇంజను మీద తీర్పు చెప్పే అదను దాటిపోయింది. "ఆలోసించి సెప్తాను" అన్నాడు తవిటయ్య, పెద్ద డాక్టరులా. ఒకరోజు ఆగి ఎల్లుండి పొద్దున్నే రమ్మని, ఇంకొకరు కూడా అడుగుతున్నారని నిరాపదబాబు సాగనంపాడు.

ఇంటికొచ్చేసరికి ఎర్రయ్య ఆ పడవకి మనసులో పేరు కూడా పెట్టేశాడు. తవిటయ్యకి ఆ రాత్రీ మర్నాడూ ఒకటే తికమక. వెచ్చటి ఇంజను మంచిదా, చెడ్డదా? సూసన్నని మళ్లీ అడగడానికి మనసొప్పలేదు. అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో. డ్యూటీలో ఒక చక్రాన్ని కొట్టి, ఏం వినబడిందో గుర్తులేక మళ్లీ కొట్టాడు. ఇన్నేళ్లలో అలా ఎన్నడూ జరగలేదు.

సాయంత్రం పక్క క్వార్టరు అప్పలకొండ వచ్చి గడప మీద కూచున్నాడు. వెనకే ఇద్దరు ముగ్గురు. "తవిటన్నా, పడవ బేరానికెళ్లినావంట?"

తికమకలో ఉన్న మనిషికి ఇంతకన్నా మందు లేదు. తవిటయ్య పంచె సవరించుకున్నాడు.

"ఎల్లినాను. పడవ సూసేసరికి నాకే బయమేసినాది. మన వర్క్‌షాపంత ఉన్నాది. సుత్తి తీసినాను. ముక్కు కాడ ఒక్కటేసినాను, బొద్దు. మజ్జిన ఏసినాను, బొద్దు. బెంగాలీబాబు సెమట్లు కక్కేత్తన్నాడు. అప్పుడెల్లి అమరం అడుగున ఒక్కటిచ్చినాను సూడు, ఖంగు! కాంథి గుళ్లో పూజారి గంటనుకొని హారతెత్తేసినాడు!"

గడప అంతా నవ్వింది. లోపల కత్తిపీట మీద చేప కోస్తున్న చప్పుడు ఆగింది.

"పడవేటి, ఖంగుమనడమేటి?" అంది జోగమ్మ.

ఆమె రేవులో పుట్టిన మనిషి. నడక రాకముందు పడవ నీడలో పాకింది. అన్నం తింటున్న ఎర్రయ్య చెయ్యి కూడా కంచంలో ఆగిపోయింది.

"బావా. మోగినాదా?"

"మోగినాది మరి."

"సెక్క మోగదు బావా. మోగితే అది సెక్క కాదు. ఎక్కడ?"

"సుక్కాని కింద. బురదకి జానెడు పైన."

"నాను అటేపు ఎల్లలేదు" అన్నాడు ఎర్రయ్య నెమ్మదిగా. "వలలు సూపిస్తానని నన్ను తీసుకుపోయినాడు." కంచం పక్కకి జరిపాడు. "నిజం సెప్పు బావా. కతకి సెప్పినావా, నిజంగా మోగినాదా?"

"నిజంగానేరా! ఆ మోతకి గట్టు మీద కొంగలన్నీ ఒక్కసారి లేసిపోతే..."

చెబుతూనే తవిటయ్య ఆగిపోయాడు. కొంగలు లేవలేదు. అసలు కొంగలే లేవు. నోరే తెచ్చింది వాటిని. హారతీ లేదు. బెంగాలీబాబుకి చెమటా పట్టలేదు, అతను టీ కొట్టు దగ్గర ఉన్నాడు. ఇన్ని తీసేశాక ఆ ఖంగు మాత్రం ఉందా? చెవిలో ఉంది. కాని మెయిలింజను కథ కూడా చెవిలో అలాగే ఉంది, బాలాసోరు గేట్లు పడిన చప్పుడుతో సహా. తను చెప్పినదీ తను విన్నదీ ఎక్కడ విడిపోతాయో వెతికాడు. చేతికి దొరకలేదు.

"ఏటయ్యా?" అంది జోగమ్మ.

"తెల్దే" అన్నాడు.

గడప మీదివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని లేచారు. కథ ఇంత వికారంగా ఆగడం వాళ్లెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఇద్దరూ తొలి బస్సు ఎక్కారు. సగం దారిలో తవిటయ్యే మాట కదిపాడు. "ఇంజను సంగతి..."

"ఇంజను నీకు తెల్దు బావా. నువ్వు సక్రాలు కొడతావని మీ పెళ్లైన ఏడే మా అప్ప సెప్పినాది."

తవిటయ్య కిటికీ లోంచి వరిచేలు చూశాడు. "మరి నన్నెందుకు తెచ్చినావురా?"

"కతలల్లేవోడు పక్కనుంటే ఎదుటోడు అల్లిన కత బేగి దొరుకుద్దని." ఎర్రయ్య నవ్వలేదు. "ఇంజను సెడితే ఇంకోటి ఎక్కించుకుంటాం. లేకుంటే తెరసాప ఎత్తుకుంటాం. అడుగు సెడితే ఏటెత్తుకుంటాం?"

మొగ ఈసారి పోటు మీద ఉంది. పడవ నీళ్లలో, కళ్లు విప్పుకుని, ఎర్రయ్య చెప్పినట్టే బాతులా కూచుని ఉంది. చుక్కాని కింది భాగం అంతా నీటిలో మునిగింది. నీళ్లు దిగేదాకా ఉంటామన్నాడు ఎర్రయ్య. అంత తీరిక లేదన్నాడు నిరాపదబాబు. అవతలివాళ్లు దారిలో ఉన్నారట. కావాలంటే లోపల్నుంచి కొట్టుకోండన్నాడు.

అమరం అరలో పలకలు ఎత్తి తవిటయ్య లోపలికి దిగాడు. మోకాలి లోతు మురికినీళ్లు, డీజిలు వాసన. వంగి, నీళ్ల కింద చెయ్యి పెట్టి తడిమి, అదే చోటనుకున్న దగ్గర వేశాడు. బొద్దు. పక్కన. బొద్దు. ఇటు, అటు, కాస్త పైన. అంతా ఒకటే మోత, దిండు మీద కొట్టినట్టు. పైనుంచి రెండు తలలు చూస్తున్నాయి.

"మోగలేదు" అన్నాడు ఎర్రయ్య. అతని గొంతులో బెంగ పోయింది. పోయినందుకు కాస్త సిగ్గు కూడా ఉంది. "పోన్లే బావా. కతే అనుకుందాం. పైకి రా."

నిరాపదబాబు నవ్వి చెయ్యి చాచాడు. ఎర్రయ్య ఆ చేతిలో చెయ్యి పెట్టాడు.

తవిటయ్య అరలోంచి తల పైకి పెట్టాడు. ముఖం నిండా మసి. ఎంత హాయిగా ఉండేది, అవునురా కతే అంటే! అందరూ నవ్వేవారు. తనూ నవ్వేవాడు. ఇంటికెళ్లి ఈ మురికినీళ్ల మీద ఇంకో కథ అల్లేవాడు. నోరు తెరిచాడు. ఏ అలంకారమూ రాలేదు. కొంగలూ రాలేదు, హారతులూ రాలేదు. కొట్టినప్పుడు సుత్తి కామలోంచి అరచేతిలోకి పాకిన జిల్లు ఒక్కటే గుర్తొచ్చింది. అల్లిన కథల్లో ఎప్పుడూ అరచేతికి ఏమీ తెలియలేదు.

"మోగినాది" అన్నాడు.

అంతే అన్నాడు. ఎర్రయ్య కాసేపు చూశాడు, దాని వెనక ఇంకేదైనా వస్తుందేమోనని. రాలేదు. తన బావ నోట తోక లేని మాట అతను వినడం అదే మొదలు. నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కీ హొలో?" అన్నాడు నిరాపదబాబు, ఏమైందంటూ.

తవిటయ్య వచ్చీరాని బెంగాలీలో, చుక్కాని కింద వేలు చూపించి, అక్కడ మోగిందని చెప్పాడు. నిరాపదబాబు మళ్లీ నవ్వబోయాడు. అప్పుడు, ఇంతవరకూ పెదవి విప్పని ముసలి మాఝీ పడవ అంచు మీద కూచునే, నీళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"ఓరా సముద్రే జాబే, బాబు."

వాళ్లు సముద్రం మీదికి పోయేవాళ్లు. ఆ ముక్క ఎర్రయ్యకి కూడా అర్థమైంది.

"టిన్ ఆఛే" అన్నాడు మాఝీ, ఎర్రయ్య వైపు తిరిగి. రాయి తగిలి పలక పగిలితే బయట రేకు కొట్టి తారు పూశారట. లోపల సిమెంటు పోశారట. చేతులతోనే చూపించాడు. పగిలిన పొడుగు మూరెడు.

నిరాపదబాబు పంచె కొస దులుపుకున్నాడు. మాఝీని తిట్టడానికి నోరు కదిలింది గాని, ఇద్దరు బయటివాళ్ల ముందు ఆ తిట్టు ఏ మాటతో మొదలుపెట్టాలో అతనికి తోచలేదు. చివరికి, పలకలు మార్పిస్తాను, దుర్గాపూజ వెళ్లాక రమ్మన్నాడు. "వస్తాను. ఆటు మీద, నీళ్లు దిగినప్పుడు వస్తాను" అన్నాడు ఎర్రయ్య. మాఝీకి బీడీ ఇచ్చి, తనే వెలిగించాడు.

సాయంత్రం అప్పలకొండ వాళ్లు మళ్లీ గడప నింపారు. "ఏటన్నా, ఏటైనాది?"

"పడవ అడుగున రేకుంది. కొనలేదు" అన్నాడు తవిటయ్య.

వాళ్లు ఎదురుచూశారు. "ఆపైన?"

"అంతే."

"పడవకి రేకేటి తవిటన్నా! నూతికి తలుపన్నట్టుంది. ఈపాలి అతకలేదు" అన్నాడు అప్పలకొండ, పాపం, నిజంగానే చిన్నబుచ్చుకుని. మిగతావాళ్లూ పెదవి విరిచి, ఒక్కొక్కరే దులుపుకుని లేచారు.

ఎర్రయ్యకి ఒళ్లు మండింది. "ఉండండి, నాను సెప్తాను. నా కళ్లతో..."

తవిటయ్య మోచేత్తో పొడిచి కూచోబెట్టాడు.

"ఒగ్గేరా. ఇది నమ్మినారంటే రేపట్నుంచి నాను సెప్పేవన్నీ నిజాలే కావాలంటారు. ఎక్కణ్ణించి తెస్తాను?"

జోగమ్మ పులుసు గరిట అడుగు దాకా ముంచి, అతని కంచంలో పెద్ద ముక్క వేసింది.